ఉండ్రాళ్లు తినొచ్చా అని అడిగారుగా

ఒంగోలు

ప్రియమైన పిల్లలకు,

ప్రభువు నామంలో మీ అమ్మమ్మ దీవెనలు.

పోయిన వారం ఫోన్లో చెరో ప్రశ్న వేశారు. చవితికి రూమ్మేట్ ఇంటినుంచి తెచ్చిన ఉండ్రాళ్లు తినొచ్చా అని పెద్దది, ఆసుపత్రిలో ఆదివారం డ్యూటీ వేస్తే ఆరాధన మానాలా అని చిన్నోడు. "అవునో కాదో చెప్పు అమ్మమ్మా, లెక్చర్ వద్దు" అన్నారు. అలా చెప్పడం నాకు చేతకాకే ఈ ఉత్తరం. ఇది లెక్చరే, కాస్త ఓపిక పట్టండి.

ముందు ఉండ్రాళ్ల సంగతి. ఈ పేచీ దాదాపు రెండు వేల ఏళ్ల క్రితమే గ్రీసు దేశపు కొరింథు పట్నంలో వచ్చింది. గుళ్లలో బలిచ్చిన మాంసం అక్కడ అంగడికి కూడా వచ్చేది. ఏది గుడిదో ఏది కాదో కొనేవాడికి తెలిసేది కాదు. కొత్తగా నమ్మినవాళ్లకు అదొక టెన్షన్. అపొస్తలుడు పౌలు వాళ్లకు రాసిన మొదటి పత్రిక, అంటే బైబిల్లో ఉన్న ఉత్తరం, అందులో 8, 10 అధ్యాయాలు తీసి చూడండి. తిండి మనల్ని దేవుడికి దగ్గర చెయ్యదు, అంగట్లో అమ్మేది ఏదైనా ఆరా తియ్యకుండా తినండి అంటాడు. అక్కడితో పుస్తకం మూసేస్తే పెద్దదానికి కావలసిన జవాబు దొరికినట్టే! కానీ ఎవరైనా "ఇది బలి అర్పించింది" అని చెప్తే మాత్రం, ఆ చెప్పినవాడి మనస్సాక్షి కోసం తినొద్దంటాడు. నా తిండి వల్ల నా సోదరుడు తడబడేట్టయితే ఇక మాంసమే ముట్టనని కూడా అంటాడు. వంటకం అదే, పక్కన ఎవరున్నారన్నదాన్ని బట్టి జవాబు మారుతోంది. జాబితా రాసిస్తే మనకు సుఖంగా ఉండేది, ఆయన రాయలేదు.

మన పక్కింటి పెద్దమ్మ సంగతి మీకు తెలుసుగా. పండగనాడు మనకని ఒక గిన్నె ముందే తీసి పెడుతుంది. దేవుడి ముందు నైవేద్యం పెట్టకముందే, ఇంకా వేడిగా ఉండగానే, దానిమీద అరిటాకు ముక్క కప్పి గోడమీదుగా అందిస్తూ "ఇది ఇంకా ప్రసాదం కాలేదులే అమ్మా, తినండి" అంటుంది. ఆవిడ కొరింథీ పత్రిక చదవలేదు. కానీ ఎదుటివాడి మనస్సాక్షిని ఆవిడ చూసుకున్నంత జాగ్రత్తగా చూసుకునేవాళ్లు మన సంఘంలో ఎంతమంది ఉన్నారంటే, నాకు చప్పున ఎవరూ గుర్తుకు రావడం లేదు. క్రిస్మస్‌కి వాళ్లింటికి పంపే కేకులో గుడ్డు వెయ్యొద్దని మీ అమ్మకు ఏటా నేను చెప్పేది అందుకే.

కాబట్టి పెద్దదానా, ఆ అమ్మాయితో ఉన్నమాట నెమ్మదిగా చెప్పు. ముఖం చిట్లించి మాత్రం చెప్పకు. నీతోపాటు చర్చికి వచ్చే చెల్లెళ్లలో ఎవరికైనా అది ఇబ్బందైతే వాళ్ల సంగతీ చూసుకో. ఇవన్నీ చూసుకున్నాక తిన్నా, మానుకున్నా నేను తప్పు పట్టను.

ఇక చిన్నోడి ఆదివారం. మన జిల్లాలో దీనికో చరిత్ర ఉంది. 1860ల్లో ఒంగోలుకు పడమటి దిక్కున తాళ్లకొండపాడులో యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగాయన, తోళ్ల వ్యాపారి, క్రీస్తును నమ్మాడు. ఆయన మాట విని నమ్మినవాళ్లు మూడు నియమాలు పెట్టుకున్నారు. ఆదివారం పనికి పోరు, చచ్చిన గొడ్డు మాంసం తినరు, విగ్రహాలకు మొక్కరు. వినడానికి ఇంతే. కానీ ఊరికి చెప్పులు కుట్టేది వాళ్లే, జాతరకు డప్పు కొట్టేది వాళ్లే, కోతలకు వెళ్లేదీ వాళ్లే. ఆదివారం రానంటే ఊరు ఊరుకుంటుందా? పనుల్లోకి రానివ్వకపోవడం, నీళ్లకు అడ్డుపడడం, లేనిపోని కేసులు పెట్టడం, అన్నీ జరిగాయి. చేసిన పనికి కళ్లంలో కొలిచిచ్చే గింజల వాటా, ఆ మేర మీద బతికే ఇంటికి, అది పోతే పిల్లల కంచాల్లోకి ఏమీ రాదు. ఆ రోజుల్లో ఆదివారం మానడమంటే మేమూ మనుషులమేనని చెప్పడం. ఈ రోజు వార్డులో రోగిని వదిలి రావడం దానితో సమానమెట్లా అవుతుంది? విశ్రాంతిదినాన ఎద్దు గుంటలో పడితే తియ్యరా అని ప్రభువే అడిగాడు. డ్యూటీకి వెళ్లు. అయితే ఓవర్‌టైమ్ డబ్బుల కోసం నువ్వే అడిగి మరీ ఆదివారాలు వేయించుకుంటున్నావని మీ అమ్మ అంటోంది. అది వేరే విషయం, దానికి ఎద్దును అడ్డం పెట్టుకోకు.

దొంగతనం చెయ్యకు లాంటి ఆజ్ఞలు మనల్ని పెద్దగా తికమక పెట్టవు. ఒక మంచి, ఇంకో మంచికి ఎదురుగా వచ్చి నిలబడినప్పుడే తల తిరుగుతుంది. ఆ రోజుల్లో ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర సంగతి చూడండి. ఈ మాదిగల్ని చేర్చుకుంటే మేం రామని ఒంగోలు పెద్ద కులాలవాళ్లు ఆయనకు చెప్పేశారు. ఆయన, ఆయన భార్య ఒకరికి తెలియకుండా ఒకరు బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఆ కొరింథీ పత్రికే, మొదటి అధ్యాయం, దేవుడు నీచులైనవారిని ఏర్పరచుకున్నాడన్న చోటే వచ్చిందట. అది తేలింది, మాదిగల్ని చేర్చుకున్నాడు. కానీ తర్వాత ధాత నామ సంవత్సరపు కరువు వచ్చింది, 1876 నుంచి 78 దాకా. జనానికి కూలి దొరకాలని బకింగ్‌హాం కాలువలో 3.5 మైళ్ల తవ్వకం ఆయనే కాంట్రాక్టు తీసుకున్నాడు. బాప్తిస్మం ఇమ్మని జనం వస్తే మాత్రం ఇవ్వలేదు. అన్నం కోసం చేరారన్న మాట రాకూడదని ఆపాడు. సాయం పంచడం అయ్యాకే ఇచ్చాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో, వెల్లంపల్లి దగ్గర, ఒక్కరోజే 2,222 మంది. ఆ అంకె మనవాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. నాకు మాత్రం అంతకు ముందు రోజుల మీదికే మనసు పోతుంది. నిజంగా నమ్మి, అడిగి, "ఇప్పుడు కాదు" అనిపించుకుని, ఆకలితో వెనక్కి నడిచినవాళ్ల సంగతేంటి? ఆయన చేసింది సరైనదేనని నా అభిప్రాయం. ఆ బరువు మోసింది మాత్రం వాళ్లు.

ఇంకొకటి మీరు అడగలేదు, అయినా మీ ఫ్రెండ్స్‌కి ఉన్న చిక్కే. కుల సర్టిఫికెట్. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలిపారు. క్రైస్తవుల్ని కలపలేదు. మన రాష్ట్రంలో ఎస్సీల నుంచి క్రైస్తవులైనవాళ్లకు బీసీ-సీ కింద 1 శాతం రిజర్వేషన్ ఉంది. అందుకని ఆదివారం పాట పాడే పిల్లాడు కాగితం మీద హిందువు. "అవునంటే అవును, కాదంటే కాదు" అని వాక్యం చెప్పి వాణ్ణి కడిగేసేవాళ్లున్నారు. అబద్ధం మంచిదని నేననను. కానీ వాణ్ణి కులం పేరుతో తిట్టినవాడు ముందు మతం అడిగి తిట్టలేదు కదా. వాడి కాలేజీ ఫీజు సంఘం కడుతుందా? కట్టని సంఘం కాస్త గొంతు తగ్గించుకుంటే బాగుంటుంది.

సంఘం అంటే గుర్తొచ్చింది. పెద్దదానికి వచ్చిన సంబంధం వాళ్లు మళ్లీ ఫోన్ చేశారు. మోకాళ్లూని ప్రార్థన చేశాకే మాట్లాడుతున్నామన్నారు. ఆ తర్వాత మాట, మనవాళ్లు మాలా మాదిగా అని. ఆ పై మాట, స్థలం ఏమైనా పెడతారా అని. వాళ్లకు జవాబు చెప్పే పని మీ అమ్మ నాకు అప్పజెప్పింది. రెండు ప్రశ్నలకూ కలిపి ఒకటే జవాబు చెప్పాను, మళ్లీ ఫోన్ చేస్తారని అనుకోను.

మీ అమ్మమ్మ