కుక్కను తెచ్చుకునే ముందు: మీ ఇద్దరికీ తాతయ్య ఉత్తరం

చిట్టితల్లీ, పెద్దోడా,

మీ గొడవ గురించి మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. పెద్దోడికి కాగితాలున్న అసలైన లాబ్రడార్ పిల్లే కావాలట. దిక్కులేని కుక్కల్ని ఉంచే షెల్టర్‌లో అన్ని కుక్కలు ఎదురుచూస్తుంటే డబ్బు పోసి కొనడం పాపమని చిట్టితల్లి అంటోందట. రెండు రోజులుగా ఇద్దరికీ మాటల్లేవని కూడా విన్నాను. ఇది ఫోన్‌లో తేలే విషయం కాదు, అందుకే రాస్తున్నాను. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చదవండి.

ముందు నా మనసులో మాట చెప్పేస్తాను. నాకు జాతి కుక్కలంటే ఇష్టం. అందులో తప్పుందని నేను అనుకోను. కాకపోతే ఆ ఇష్టానికి ఒక షరతు ఉంది. దాన్ని నేను చాలా ఆలస్యంగా, ఒక కుక్క బాధ పడ్డాక తెలుసుకున్నాను.

కుక్క మనిషి పంచన చేరి కనీసం 15 వేల ఏళ్లయింది. అందులో చాలా కాలం మనుషులు కుక్కను అది చేసే పనిని బట్టే చూశారు. మందను బాగా మళ్లించిన కుక్కకు పుట్టిన పిల్లల్ని ఉంచుకునేవారు, వేటలో పనికొచ్చిన కుక్క ఈతను, అంటే ఒక కాన్పులో పుట్టిన పిల్లల్ని, అడిగి తీసుకునేవారు. ఇప్పుడు మనం చూస్తున్న జాతుల్లో ఎక్కువ భాగం, అంటే పేరూ కొలతలూ రిజిస్టరూ ఉన్నవి, గత 200 ఏళ్లలో తయారైనవే. లండన్‌లో 1873లో కెన్నెల్ క్లబ్ ఏర్పడింది. ఏ కుక్కకు ఎవరు తల్లి, ఎవరు తండ్రి అని పుస్తకంలో రాసుకోవడం అక్కడి నుంచి గట్టిగా మొదలైంది. ఆ పుస్తకంలో ఉన్న తల్లిదండ్రులకు పుట్టిందే ఆ జాతి కుక్క. బయటి కుక్క ఎంత చురుకైనదైనా, ఎంత ఆరోగ్యమైనదైనా లోపలికి రానివ్వరు. ప్యూర్‌బ్రీడ్ అనే మాటకు అర్థం ఇంతే. మంచి రక్తమనీ, గొప్ప రక్తమనీ చాలామంది అనుకుంటారు గానీ, ఆ మాట చెప్పేది తలుపు మూసి ఉందని మాత్రమే.

మరి నాకెందుకు ఇష్టమంటారా? ఒక విత్తు వేస్తే ఇంకో చెట్టు మొలవదు కదా, అందుకు. లాబ్రడార్ పిల్లను తెచ్చుకుంటే పెద్దయ్యాక దాదాపు 25 నుంచి 36 కిలోలు తూగుతుందని ముందే తెలుసు. పొట్టి వెంట్రుకే అయినా బాగా రాలుతుందని తెలుసు. నీళ్లు కనిపిస్తే దూకుతుందనీ, ఎప్పుడూ ఏదో ఒకటి నోట కరుచుకుని తిరుగుతుందనీ తెలుసు. మనం ఎలాంటి ఇంట్లో ఉంటున్నాం, ఎంతసేపు దాంతో గడపగలం అన్నది ముందే లెక్క వేసుకోవచ్చు.

బోర్డర్ కోలీ సంగతే చూడండి. తరతరాలుగా గొర్రెల కాపరి ఈల విని, చేయి చూసి పని చేసిన కుక్క అది. అమెరికాలో జాన్ పిల్లీ అనే సైకాలజీ ప్రొఫెసర్ రిటైరయ్యాక చేజర్ అనే బోర్డర్ కోలీని పెంచాడు. మూడేళ్ల పాటు రోజూ గంటల తరబడి కూర్చుని నేర్పితే అది 1,022 వస్తువుల పేర్లు నేర్చుకుంది. పేరు చెప్తే గుట్టలోంచి ఆ వస్తువునే వెతికి తెచ్చేది. ఈ వివరాలు 2011లో అచ్చయ్యాయి. చదివినప్పుడు నాకు ఎంత సంతోషమేసిందో! అయితే అంత బుర్ర ఉన్న కుక్కను పగలంతా తాళం వేసిన ఇంట్లో వదిలేస్తే ఏమవుతుందో కూడా ఆలోచించండి. తలుపులు గీకుతుంది, సోఫా చింపుతుంది, తన తోకను తనే తరుముకుంటుంది. అందులో దాని తప్పేమీ లేదు.

ఇప్పుడు రాణి గురించి చెప్పాలి. మీ అమ్మ చిన్నప్పుడు మా ఇంట్లో ఉన్న ఆల్సేషన్ అది. జర్మన్ షెపర్డ్ అన్నా ఆల్సేషన్ అన్నా ఒకటే. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్‌లో జర్మన్ అనే మాటే గిట్టక ఆ పేరు మార్చారు, మా తరానికి ఆ పేరే అలవాటైంది. ఆ జాతికి మూలపురుషుడి లాంటి కుక్క ఒకటి ఉంది. 1899లో మాక్స్ ఫాన్ స్టెఫానిట్జ్ అనే జర్మన్ మాజీ సైనికాధికారి ఒక గొర్రెల కాపలా కుక్కను చూసి, కొని, హోరాండ్ అని పేరు పెట్టాడు. జర్మన్ షెపర్డ్ రిజిస్టర్‌లో మొదటి పేరు దానిదే.

రాణిని మాకు అమ్మినవాడు గేటు దగ్గరికే తెచ్చి ఇచ్చాడు. ఆరు వారాల పిల్ల. కాగితం ఉంది, దాని మీద పేర్లున్నాయి. తల్లిని చూపించమని నేను అడగలేదు. అడగాలన్న ఆలోచనే రాలేదు. ఏడాది నిండకుండానే పరుగెత్తేటప్పుడు వెనక కాళ్లు రెండూ కలిపి కుందేలులా గెంతడం మొదలుపెట్టింది. మేము ముచ్చటపడి నవ్వుకున్నాం. అది నొప్పి అని మాకు తెలియదు. తర్వాత పడుకుని లేవాలంటే ముందు కాళ్ల మీద బరువు వేసి, ఈడ్చుకుంటూ లేచేది. ఎక్స్‌రే తీసిన డాక్టర్, తుంటి ఎముక గుండ్రటి తల గుంటలో సరిగ్గా కూర్చోలేదని చూపించాడు. హిప్ డిస్‌ప్లేషియా అంటారు. పెద్ద జాతుల్లో ఎక్కువ, తల్లిదండ్రుల నుంచి వస్తుంది. రాణి మెట్లు ఎక్కలేకపోతే మీ అమ్మ తన పరుపును కిందికి తెచ్చుకుని దాని పక్కనే పడుకునేది. తొమ్మిదేళ్లు బతికింది. చివరి మూడేళ్లు నొప్పిలోనే గడిచాయి.

తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రేలు చూసి ఉంటే ఈ ప్రమాదం చాలావరకు ముందే తెలిసేది. అమెరికాలోనైతే కుక్కకు రెండేళ్లు నిండాకే ఆ ఎక్స్‌రే మీద ఖాయమైన మాట చెప్తారు. అందుకే రెండేళ్లు నిండని కుక్కల్ని జతకట్టించేవాడి మాట నేను నమ్మను. విత్తు బట్టే చెట్టు అనుకున్నాను కానీ ఆ విత్తు ఎలాంటిదో చూడలేదు.

తలుపు మూస్తే లోపల మంచి ఒక్కటే నిలవదు, చెడు కూడా నిలిచిపోతుంది. 227 జాతుల జన్యువుల్ని పరిశీలించి 2021లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, సగటున ఒక జాతి కుక్కలో ఉన్న రక్తసంబంధం ఒకే తల్లిదండ్రుల పిల్లల్ని జతకట్టిస్తే పుట్టే కుక్కలో ఉండేంత దగ్గరగా ఉంది. చప్పిడి ముక్కు బుల్‌డాగ్‌లు ఊపిరి కోసం గురకలు పెడుతుంటే జనం ముద్దుగా ఉందంటారు. కావలియర్ కింగ్ ఛార్లెస్ స్పానియెల్‌లలో గుండె కవాటం జబ్బు, ఇంకా ఇతర వంశపారంపర్య జబ్బులు ఎంత ఎక్కువంటే, ఆ జాతిని ఇప్పుడున్న తీరులో పెంచడం జంతు సంక్షేమ చట్టానికి విరుద్ధమని నార్వే సుప్రీంకోర్టు 2023లో తీర్పు చెప్పింది.

డాల్మేషియన్ కథ మాత్రం కాస్త వివరంగా చెప్తాను, నాకు చాలా ఇష్టమైన కథ అది. తెల్ల ఒంటి మీద నల్ల మచ్చలున్న ఈ కుక్కల మూత్రంలో యూరిక్ యాసిడ్ చాలా ఎక్కువ. అది గడ్డకట్టి రాళ్లవుతుంది, కొన్ని కుక్కలకు మూత్రం ఆగిపోయి ప్రాణం మీదికి వస్తుంది. దీనికి కారణమైన జన్యులోపం అప్పట్లో జాతి మొత్తంలో ఉండేది. మంచి జన్యువున్న కుక్క పుస్తకంలో ఒక్కటీ లేనప్పుడు, ఎంత జాగ్రత్తగా జతలు ఎంచుకున్నా లోపం ఎలా పోతుంది? రాబర్ట్ షైబుల్ అనే అమెరికన్ జన్యుశాస్త్రవేత్త 1973లో ఒక డాల్మేషియన్‌ను ఒకే ఒక్కసారి పాయింటర్ జాతి కుక్కతో జతకట్టించాడు. పుట్టిన పిల్లల్లో మంచి జన్యువు వచ్చినవాటిని మళ్లీ డాల్మేషియన్లతోనే, తరం తర్వాత తరం జతకట్టించుకుంటూ వచ్చాడు. కొన్ని తరాలకు మచ్చలూ నడకా అంతా డాల్మేషియనే, యూరిక్ యాసిడ్ మాత్రం మామూలు కుక్కలంత. అయినా అవి అసలు డాల్మేషియన్లు కావని ఆ జాతి ప్రేమికులే ఏళ్ల తరబడి అడ్డుపడ్డారు. అమెరికన్ కెన్నెల్ క్లబ్ ఈ వంశాన్ని పుస్తకంలోకి రానిచ్చింది 2011లో. దాదాపు నలభై ఏళ్లు! జాతి మీద ప్రేమ ఉన్నవాళ్లు ఆ జాతి కుక్కల నొప్పి కంటే పుస్తకాన్నే ముందు చూసుకున్నారు. నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

అలాగని క్రాస్ బ్రీడ్ కుక్కకు జబ్బులే రావని అనుకోకు చిట్టితల్లీ. కాలిఫోర్నియాలోని ఒక యూనివర్సిటీ 27 వేలకు పైగా కుక్కల రికార్డులు చూసి 2013లో ఒక లెక్క చెప్పింది. వంశపారంపర్యంగా వచ్చే 24 జబ్బుల్లో పది జాతి కుక్కల్లో ఎక్కువ, ఒకటి కలగలుపు కుక్కల్లో ఎక్కువ, మిగతా 13 రెండు రకాల్లోనూ ఇంచుమించు సమానం. ఆ 13లో రాణికి వచ్చిన జబ్బు కూడా ఉంది.

ఇక ఇప్పుడు ఫ్యాషనైపోయిన లాబ్రడూడుల్. ఆస్ట్రేలియాలో కళ్లులేనివారికి సాయపడే కుక్కల్ని తయారుచేసే చోట పనిచేసిన వాలీ కాన్రన్ 1980ల చివర్లో దీన్ని పుట్టించాడు. చూపులేని ఒకావిడకు కుక్క కావాలి, ఆమె భర్తకు కుక్క వెంట్రుకలంటే ఎలర్జీ. లాబ్రడార్‌ను స్టాండర్డ్ పూడుల్‌తో జతకట్టిస్తే మూడు పిల్లలు పుట్టాయి. ఎలర్జీ తెప్పించనిది వాటిలో ఒక్కటే. ఒకే ఈతలో మూడింట ఒకటి! ఆ తర్వాత ఆ పేరు పెట్టి ఎవరు పడితే వాళ్లు అమ్ముకోవడం చూసి, ఎందుకు చేశానా అని ఆయనే బాధపడ్డాడు. జాతి కుక్క ధరకు క్రాస్ బ్రీడ్ పిల్లను అమ్మేవాళ్ల దగ్గర, రాబోయేది తెలియదు, తల్లిదండ్రుల పరీక్షలూ ఉండవు. నాకు వీళ్ల మీద బొత్తిగా నమ్మకం లేదు.

పెద్దోడా, ఇది నీకు. జాతిని బట్టి సైజు తెలుస్తుంది, వెంట్రుక తెలుస్తుంది, మొగ్గు ఎటో కొంత తెలుస్తుంది. స్వభావం మాత్రం అంతగా తెలియదు. 18 వేలకు పైగా కుక్కల యజమానుల్ని ప్రశ్నలడిగి, రెండు వేలకు పైగా కుక్కల జన్యువులు చదివి 2022లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, కుక్కల ప్రవర్తనలో కనిపించే తేడాల్లో జాతి వల్ల వచ్చేది 9 శాతమే అని తేలింది. పుర్రెకో బుద్ధి అనే మాట కుక్కలకూ వర్తిస్తుందన్నమాట. పైగా లాబ్రడార్లలో దాదాపు నాలుగింట ఒకదానికి, ఎంత తిన్నా ఆకలి తీరనివ్వని జన్యు మార్పు ఉంటుంది. జాలిపడి పెడుతూ పోతే ఒళ్లు వచ్చేసి కీళ్లు పాడవుతాయి. అంత గట్టిగా నిలబడగలవా?

షెల్టర్ కుక్క విషయంలో అందరూ చెప్పే భయం, దాని గతం తెలియదని. నిజమే. కానీ మూడేళ్ల కుక్క ముందు నిలబడితే, దాని వర్తమానం మొత్తం మీ కళ్ల ముందే ఉంటుంది. ఎంత పెరుగుతుందో ఊహించక్కర్లేదు, పెరిగేసింది. పిల్లల్ని చూస్తే తోక ఊపుతుందో, మూలకు వెళ్తుందో చూడొచ్చు. బోను మీద రాసిన జాతి పేరును మాత్రం పట్టించుకోకండి. చూపుతో చెప్పిన జాతి, డీఎన్ఏ పరీక్షలో తప్పని తేలడం మామూలే. ఆ చప్పుళ్ల మధ్య బెదిరిపోయిన కుక్క అసలు స్వభావం ఇంటికి వచ్చిన కొన్ని వారాలకు, ఒక్కోసారి నెలలకు గానీ బయటపడదు. కాబట్టి ఒక్కసారి చూసి వచ్చేయకండి, రెండు మూడు సార్లు వెళ్లండి, బయటికి నడిపించి చూడండి. ఇంకో మాట. అంతరిక్షంలో భూమి చుట్టూ తిరిగిన మొదటి ప్రాణి లైకా. 1957లో సోవియట్ వాళ్లు దాన్ని మాస్కో వీధుల్లోంచే తెచ్చారు. చలికీ ఆకలికీ తట్టుకున్న కుక్కలైతేనే ఓర్చుకుంటాయని వాళ్లు అనుకున్నారు. పాపం, అది తిరిగి రాలేదు. జాతి లేని కుక్కకు విలువ లేదని ఎవరైనా అంటే నాకు లైకా గుర్తొస్తుంది.

చిట్టితల్లీ, కొనడం పాపం కాదు. తల్లిని ప్రేమగా చూసుకుని, పరీక్షలన్నీ చేయించి, ఎప్పుడో ఒక ఈత తీసి, పెంచుకోలేకపోతే పిల్లను నాకే తిరిగి ఇవ్వండి అని చెప్పే బ్రీడర్లు ఉన్నారు. రాణి పోయాక నేను అలాంటి ఇంటికే వెళ్లాను, తొమ్మిది నెలలు ఆగాను. మీరు ఎక్కి ఆడుకున్న భైరవ అక్కడి నుంచి వచ్చిందే. అమ్మకం కోసమే కుక్కల్ని బోనుల్లో పెట్టి ఈత మీద ఈత తీసే చోట కొంటే మాత్రం, ఆ తల్లి కుక్కను మరో ఈతకు మనమే పంపినట్టు. కుక్కపిల్లకు మూడో వారం నుంచి దాదాపు పద్నాలుగో వారం దాకా మనుషుల్నీ, చప్పుళ్లనీ అలవాటు చేసుకునే కాలం. ఆ రోజులు బోనులో గడిచిపోతే, ఎంత గొప్ప జాతిదైనా భయం దాన్ని జీవితాంతం వదలకపోవచ్చు. తల్లి ఎవరో తెలియని జాతి కుక్కపిల్ల కంటే, మనం నాలుగుసార్లు చూసి వచ్చిన షెల్టర్ కుక్కే నాకు నయమనిపిస్తుంది.

ఇద్దరూ అడగని ప్రశ్న ఒకటుంది. మీ ఇల్లు పగలంతా ఖాళీ. రెండు నెలల పిల్లను ఎవరు చూస్తారు? రోజుకు ఎన్నోసార్లు బయటికి తీసుకెళ్లాలి, ఏం కొరుకుతోందో కనిపెట్టుకుని ఉండాలి. ఇప్పుడైతే పెద్ద వయసు కుక్కే మీకు సరిపోతుందని నా అభిప్రాయం, అది లాబ్రడార్ పోలికలున్నదైనా సరే, కాకున్నా సరే. లేదూ లాబ్రడార్ పిల్లే కావాలంటే, మీ సెలవుల దాకా ఆగండి. ఈలోగా బ్రీడర్ల కోసం వెతుకుదాం.

శనివారం నేను వస్తున్నాను. ముందు షెల్టర్‌కు వెళ్దాం. తర్వాత మీ నాన్న చెప్పిన ఆ బ్రీడర్‌కు ఫోన్ చేసి మూడే అడుగుదాం: తల్లిని చూడనిస్తారా, తల్లిదండ్రుల తుంటి, మోచేయి, కంటి పరీక్షల కాగితాలు ఉన్నాయా, పిల్లను ఎనిమిది వారాలు నిండాకే ఇస్తారా. ఒక్కదానికి కాదన్నా పిల్లల్ని చూడటానికి వెళ్లొద్దు. ఒకసారి చేతుల్లోకి తీసుకున్నాక వెనక్కి ఇవ్వడం ఎవరి వల్లా కాదు. గేటు దగ్గర రాణిని నా చేతుల్లో పెట్టినప్పుడు జరిగింది అదే.

దాని ఎక్స్‌రే ఇంకా నా బీరువాలోనే ఉంది. తెస్తాను. కిటికీ వెలుతురుకు పట్టుకుని చూపిస్తాను.

మీ
తాతయ్య