జీవోలో పెరిగిన జీతం చేతికెందుకు రాదు? ఆస్పత్రి సిబ్బంది కనీస వేతనంపై అపోహలు - వాస్తవాలు

కనీస వేతనం పెంచుతూ జీవో వచ్చిన నెలలో ప్రైవేటు ఆస్పత్రుల్లో రెండు మాటలు వినిపిస్తాయి. యాజమాన్యం "ఇక తాళం వేసుకోవాల్సిందే" అంటుంది. సిబ్బంది "మనదాకా వస్తుందా?" అంటారు. మొదటిది చాలావరకు బెదిరింపే. రెండోది మాత్రం న్యాయమైన అనుమానం. పెరిగిన రేటు వార్డులో పనిచేసే ఆయా బ్యాంకు ఖాతాలో పడేలోపు పే స్లిప్పులో కొంత, డ్యూటీ చార్ట్‌లో కొంత, ఏజెన్సీ బిల్లులో కొంత కరిగిపోతుంది. కింది లెక్కలకు నెలకు ₹15,000 అనే ఊహా రేటు తీసుకున్నాం. మీ కేటగిరీకి, మీ జోన్‌కు వర్తించే అంకె పెట్టి చూసుకోండి.

అపోహ: మాది ట్రస్టు ఆస్పత్రి, పైగా పది పడకలే. మాకు వర్తించదు.

వర్తిస్తుంది. 1948 నాటి కనీస వేతనాల చట్టం షెడ్యూల్లో ఉన్న రంగాలకే పరిమితం కాబట్టి అప్పట్లో కాస్త వాదనకైనా చోటుండేది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ (2019) ఆ షెడ్యూల్ గీతనే చెరిపేసింది. పడకల సంఖ్య, లాభాపేక్ష ఉందా లేదా అన్నవి ఇక్కడ లెక్కలోకి రావు. ఇవ్వగల స్తోమత లేదన్న వాదనను సుప్రీంకోర్టు 1961లోనే, యూనిచోయి కేసులో పక్కన పెట్టింది.

అపోహ: గ్రాస్ (భత్యాలన్నీ కలిపిన జీతం) 18,000 ఇస్తున్నాం. కనీసం 15,000 దాటేశాంగా!

గ్రాస్‌తో పోల్చకూడదు. బేసిక్ 9,000, ఇంటి అద్దె భత్యం 5,000, రవాణా భత్యం 4,000 అని పే స్లిప్పులో ఉందనుకోండి. కోడ్ ప్రకారం 'వేతనం' అంటే బేసిక్, కరువు భత్యం. ఇంటి అద్దె, రవాణా అందులోకి రావు. పాత చట్టంలో ఇంటి అద్దె లెక్కలోకి వచ్చేది. ఈ మార్పును గమనించని పే రోల్ సాఫ్ట్‌వేర్‌లు ఇంకా ఉన్నాయి.

ఇలా వేతనంలోకి రాని భత్యాలు మొత్తం జీతంలో సగం దాటితే, దాటినంత మేర వేతనంలో కలుస్తుంది. అంటే బేసిక్‌ను 7,000కు కోసినా లెక్క 9,000కే తేలుతుంది. ఎలా చూసినా 15,000కు 6,000 తక్కువ. బేసిక్‌ను ఇలా కోసేది ఎక్కువగా పీఎఫ్ తగ్గించుకోవడానికే. ఒకచోట మిగుల్చుకున్నది ఇంకోచోట బకాయిగా తేలుతుంది.

వీడీఏ (ధరలను బట్టి మారే కరువు భత్యం) సంగతి కూడా చూడండి. తెలుగు రాష్ట్రాల్లో ధరల సూచీని బట్టి ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబర్‌లో ఒకసారి మారుతుంది. ఏడాదికోసారి ఇంక్రిమెంట్‌తో కలిపి సర్దుతామంటే కుదరదు.

అపోహ: ఆస్పత్రి అంటే పన్నెండు గంటల డ్యూటీ మామూలే. జీతం దానికీ కలిపే.

మా దృష్టిలో అన్నిటికంటే ఖరీదైన అపోహ ఇదే. కనీస వేతనం ఎనిమిది గంటల పనిదినానికి నిర్ణయించింది. ఆపైన చేసే ప్రతి గంటకూ కనీసం రెట్టింపు రేటు కట్టాలి.

నెల రేటు 15,000ను 26తో (వారపు సెలవులు పోను పనిదినాలు) భాగిస్తే రోజుకు ₹576.92. గంటకు ₹72.12. ఓటీ (ఓవర్ టైమ్) గంటకు ₹144.23. ఉదయం ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా చేస్తే రోజుకు నాలుగు ఓటీ గంటలు, అంటే మళ్లీ ₹576.92. పన్నెండు గంటలు, 26 రోజులు పనిచేసిన ఆయాకు నెలకు రావాల్సింది ₹30,000! భోజన విరామం నిజంగా ఇస్తుంటే ఆ మేరకు తగ్గించండి. వార్డు వదిలి వెళ్లడానికి వీల్లేని 'విరామం' విరామం కాదు. రెండు షిఫ్టుల్లో ఇద్దరికీ కలిపి ఎనిమిది ఓటీ గంటలకు నెలకు 30,000 అవుతుంది. మూడో షిఫ్టుకు మనిషిని పెట్టుకుంటే అదే ఎనిమిది గంటల పనికి అయ్యేది 15,000. ఓటీ నిజాయతీగా కట్టే ఆస్పత్రికి మూడు షిఫ్టులే చవక.

భాగించడంలో ఇంకో మతలబు ఉంది. కొందరు 15,000ను 30తో భాగించి, రోజుకు 500 లెక్కన హాజరైన 26 రోజులకు 13,000 ఇస్తారు. నెల రేటులో వారపు సెలవు జీతం ఇమిడే ఉంటుంది. అక్కడే రెండు వేలు పోయింది.

అపోహ: హౌస్ కీపింగ్, సెక్యూరిటీ అంతా ఏజెన్సీ మనుషులు. వాళ్లకెంత ఇస్తారో మాకేం సంబంధం?

కాంట్రాక్టర్ ఎగ్గొడితే ప్రధాన యజమాని, అంటే పని చేయించుకునే ఆస్పత్రి కట్టి, తర్వాత అతని నుంచి రాబట్టుకోవాలి. 1970 కాంట్రాక్టు కార్మికుల చట్టం నుంచీ ఉన్న బాధ్యత ఇది. ప్రభుత్వ ఆస్పత్రులకూ ఇంతే.

జీతం ఎగ్గొడతారో లేదో టెండర్ తెరిచిన రోజే తెలిసిపోతుంది. వేతనం 15,000. యజమాని వాటా పీఎఫ్ ఇతర చార్జీలతో కలిపి 13 శాతం, ₹1,950. ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) 3.25 శాతం, ₹487.50. బోనస్ 8.33 శాతం, ₹1,249.50. మొత్తం ₹18,687. ఇందులో యూనిఫాం లేదు, సెలవు పెట్టినవారి బదులు వచ్చే మనిషి ఖర్చు లేదు, ఏజెన్సీ లాభమూ లేదు. జీఎస్టీ కాకుండా తలకు 17,000కే మనిషిని ఇస్తానన్న ఏజెన్సీ మిగతాది ఎక్కడి నుంచి తెస్తుంది? యజమాని వాటా పీఎఫ్‌ను కార్మికుడి జీతంలోంచే కోస్తుంది. ఇరవై మంది చేయాల్సిన పనిని పదిహేడు మందితో చేయిస్తుంది. లేదంటే ఖాతాలో పూర్తి జీతం వేసి, సూపర్‌వైజర్ చేత నగదు వెనక్కి తీసుకుంటుంది.

బిల్లు పాస్ చేసే ముందు హాజరు పట్టీ, బ్యాంకు బదిలీ జాబితా, పీఎఫ్ ఈసీఆర్ (ఎవరి పేరున ఎంత పీఎఫ్ కట్టారో చూపే నెలవారీ పత్రం), ఈఎస్ఐ చలానా ఈ నాలుగింట్లో పేర్లు, రోజులు సరిపోతున్నాయో చూడండి. ఒప్పందంలో "వీడీఏ మారినప్పుడు రేటూ మారును" అన్న షరతు ఉండాలి. అది లేని రెండేళ్ల కాంట్రాక్టు ఎగవేతను ముందే రాసిపెట్టుకున్నట్టు. మరో మాట. ఏజెన్సీ బిల్లుపై 18 శాతం జీఎస్టీ మొత్తం విలువ మీద పడుతుంది, వైద్య సేవలకు పన్ను మినహాయింపు కాబట్టి ఆస్పత్రికి దాని క్రెడిట్ రాదు, అంటే కట్టిన ఆ పన్నును సర్దుబాటు చేసుకోలేదు. 18,687 కాస్తా ₹22,050 దాటుతుంది. నేరుగా నియమించుకుంటే ఆ తేడా మిగిలేది.

అపోహ: కొత్త నర్సు ఆరు నెలలు ట్రైనీ. స్టైపెండ్ చాలు.

1961 అప్రెంటిస్ చట్టం కింద నమోదైన ఒప్పందం ఉంటేనే కనీస వేతనం నుంచి మినహాయింపు. కాలేజీ నుంచి క్లినికల్ పోస్టింగ్‌కు వచ్చిన విద్యార్థిని సంగతి వేరు. రిజిస్ట్రేషన్ ఉండి, డ్యూటీ చార్ట్‌లో పేరుండి, ఒంటరిగా నైట్ డ్యూటీ చూసే మనిషి ఉద్యోగే. అపాయింట్‌మెంట్ లెటర్‌లో ఏం రాశారన్నది కాదు, చేయిస్తున్న పనే చూస్తారు. శాంపిల్స్ పరీక్షించే ల్యాబ్ టెక్నీషియన్‌ను 'హెల్పర్' అని రాసి తక్కువ కేటగిరీలో పడేసినా ఇదే జవాబు.

అపోహ: నర్సులకు 20,000 ఇవ్వాలని సుప్రీంకోర్టు తీర్పు ఉంది. చూపిస్తే చాలు.

చాలదు. 2016 జనవరిలో కోర్టు ఈ విషయం చూడటానికి కమిటీ వేయమంది. 200 పడకలు దాటితే రాష్ట్ర ప్రభుత్వ నర్సులతో సమానం, 100 దాటితే అంతకు 10 శాతానికి మించి తగ్గకూడదు, 50 నుంచి 100 అయితే 25 శాతానికి మించి తగ్గకూడదు, 50 లోపు అయితే కనీసం 20,000 అని కమిటీ సిఫార్సు చేసింది. రాష్ట్రం నోటిఫై చేసేదాకా అది సిఫార్సే. కేరళ 2018 ఏప్రిల్‌లో కనీస వేతన నోటిఫికేషన్ ఇచ్చింది కాబట్టే అక్కడ పట్టుబట్టి అడగ్గలిగారు. ఆశా కార్యకర్తల పరిస్థితి ఇంకా అధ్వానం. వారిని స్వచ్ఛంద కార్యకర్తలుగా లెక్కగట్టి ప్రోత్సాహకాలో, గౌరవ వేతనమో ఇస్తున్నారు. కనీస వేతనం ఇవ్వాలని 2013లో 45వ భారత కార్మిక సదస్సు సిఫార్సు చేసినా అంతే.

అపోహ: జీతాలు పెంచితే చిన్న ఆస్పత్రులు మూతపడతాయి.

లెక్క వేద్దాం. 50 పడకలు, 40 మంది కింది స్థాయి సిబ్బంది. జీతం 12,000 నుంచి 14,000కు పెరిగింది. పీఎఫ్, ఈఎస్ఐ, బోనస్ కలిపితే తలకు ₹2,492 అదనం. మొత్తం నెలకు లక్షకు కాస్త తక్కువ. పడకలు 60 శాతం నిండితే నెలకు 900 పడక-రోజులు. అంటే పడకకు రోజుకు ₹111.

అయితే ఆ ₹111ను అందరూ రోగి బిల్లులో వేసుకోలేరు. ఆరోగ్యశ్రీ లాంటి పథకాల్లో ప్యాకేజీ రేటు ముందే నిర్ణయమై ఉంటుంది. వాటి మీదే నడిచే ఆస్పత్రికి నిజంగానే ఇబ్బంది. దానికి మందు ప్యాకేజీ రేట్లను వేతనాలతో పాటు సవరించడం, బకాయిలు సకాలంలో చెల్లించడం. ఆయా జీతం ఆపడం కాదు.

అపోహ: జీతం 21,000 దాటిన నెలే ఈఎస్ఐ పోతుంది.

ఏప్రిల్-సెప్టెంబర్, అక్టోబర్-మార్చి చందా కాలాలు. మధ్యలో దాటితే ఆ కాలం ముగిసేదాకా చందా కట్టాలి, కవరేజీ ఉంటుంది. ఆ తర్వాతికి గ్రూప్ బీమా ముందే చూసుకోవాలి.

అపోహ: తక్కువకు ఒప్పుకుని సంతకం పెట్టాను. ఇక అడగలేను.

కనీస వేతనం వదులుకుంటూ చేసిన ఒప్పందం చెల్లదు. అంతకంటే తక్కువకు చేయించడం రాజ్యాంగం 23వ అధికరణ కింద వెట్టి అని 1982లో ఏషియాడ్ (ఢిల్లీ ఆసియా క్రీడల) నిర్మాణ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పాత చట్టంలో క్లెయిమ్‌కు గడువు ఆరు నెలలు, ఇప్పుడు మూడేళ్లు. తేడాతో పాటు దానికి పది రెట్ల వరకు పరిహారం వేయొచ్చు. వేతనం పూర్తిగా చెల్లించామని రుజువు చేసుకోవాల్సింది యజమానే.

అయినా చేతిలో కాగితం ఉండాలి. ప్రతి నెలా డ్యూటీ చార్ట్ ఫొటో తీసి పెట్టుకోండి. వాట్సాప్ గ్రూపులో వచ్చే రోస్టర్ చెరిపేయకండి. బ్యాంకు స్టేట్‌మెంట్, పీఎఫ్ పాస్‌బుక్, పే స్లిప్పు దాచండి. తెల్ల కాగితం మీద నెలవారీగా నాలుగు గడులు గీయండి: రావాల్సింది, ఇచ్చింది, ఓటీ గంటలు, తేడా. దరఖాస్తుకు ఆ కాగితాన్ని జతచేసి కార్మిక శాఖ కార్యాలయంలో ఇచ్చి, రసీదు మీద తేదీ, ముద్ర వేయించుకోండి. ఒంటరిగా వెళ్లాలంటే భయమైతే యూనియన్ ద్వారా కూడా వేయొచ్చు.