జాదర్ చుట్టుపక్కల: కరిగే కొండ, పెరిగే జలపాతం

క్రొయేషియాలోని జాదర్ పట్టణానికి వెళ్లిన వాళ్లు సాయంత్రం కాగానే సముద్రపు ఒడ్డున ఉన్న రాతి మెట్ల మీదికి చేరతారు. ఆ మెట్ల అడుగున 35 పైపులు అమర్చి ఉన్నాయి. అల వచ్చి పైపులోకి చొరబడితే లోపలి గాలి వెనక్కి నెట్టుకుపోయి, ఈల నోటిలాంటి సన్నని సందు గుండా దూసుకుపోతూ మోగుతుంది. ఏ స్వరం పలకాలో పైపు పొడవు నిర్ణయిస్తుంది, ఎప్పుడు పలకాలో అల నిర్ణయిస్తుంది. ఐదేసి పైపులు ఒక గుంపుగా ఏడు గుంపులు ఉన్నాయి కాబట్టి ఒక చివర కూర్చుంటే వినిపించే సంగీతం మరో చివర వినిపించదు. పడవ ఒకటి అటుగా వెళ్లినా చాలు, కాసేపటికి దాని అలలు వచ్చి స్వరాల వరుస మార్చేస్తాయి. వాస్తుశిల్పి నికోలా బాషిచ్ రూపొందించిన ఈ సముద్రపు వాద్యం 2005లో మొదలైంది.

జాదర్‌లో మకాం పెట్టి, పొద్దున బయల్దేరి రాత్రికి తిరిగి రాగలిగే చోట్లు చాలా ఉన్నాయి. పక్లెనిత్స లోయ, ప్లిత్విత్సే సరస్సులు, క్ర్కా జలపాతాలు, కోర్నాటి దీవులు, పాగ్ దీవి. పర్యాటక పుస్తకాలు వీటిని విడివిడిగా పరిచయం చేస్తాయి. నాకు మాత్రం ఇవన్నీ ఒక్క సంగతిలోని భాగాలుగా కనిపిస్తాయి. సున్నపురాయి మీద వాన పడితే ఏమవుతుందన్నదే ఆ సంగతి. అది తెలిసి వెళ్తే ఒక్కో చోటు తర్వాతి చోటును అర్థం చేయిస్తుంది.

ఈ ప్రాంతపు రాయిలో ఎక్కువ భాగం డైనోసార్ల కాలంలో, లోతు తక్కువైన వెచ్చని సముద్రంలో గవ్వలూ జీవుల పెంకులూ పేరుకుని ఏర్పడింది. తర్వాత ఆఫ్రికా వైపు నుంచి వచ్చిన భూఫలకం యూరప్‌ను నెట్టడంతో ఆ పొరలు మడతలు పడి, తీరానికి సమాంతరంగా కొండల వరుసలుగా లేచాయి. జాదర్‌కు ఎదురుగా గోడలా కనిపించే వెలెబిత్ అందులో ఒకటి. దాని అత్యున్నత శిఖరం 1,757 మీటర్లు. సముద్రపు తేమగాలి నేరుగా ఢీకొట్టే ఎత్తైన చోట్ల ఏటా 2,000 మిల్లీమీటర్లకు పైగా వాన కురుస్తుంది. అయినా ఆ కొండ మీద ఏరు కనిపించడం అరుదు. పక్లెనిత్స లోయలో నిట్టనిలువు రాతి గోడల మధ్య నడిచే వాళ్లకు వేసవిలో చాలా దూరం ఎండిన వాగు మాత్రమే తోడుంటుంది.

మరి నీరు ఎటు పోయింది? వాన చినుకు గాలిలోనూ మట్టిలోనూ ఉన్న కార్బన్ డయాక్సైడును కలుపుకుని బలహీనమైన ఆమ్లంగా మారుతుంది. ఆ ఆమ్లం సున్నపురాయిని కొద్దికొద్దిగా కరిగిస్తుంది. సన్నని పగులు కాలక్రమంలో సందు అవుతుంది, సందు గుహ అవుతుంది, గుహ అగాధమవుతుంది. వెలెబిత్ ఉత్తర భాగంలో లూకినా యామా అనే నిలువు గుహ 1,431 మీటర్ల లోతు దాకా దిగింది. అంటే వెలెబిత్ లోపల కూడా కొండంత ఖాళీ ఉంది. ఇలా నేల మీద ఇంకిన నీరు కొంత కొండ పాదం దగ్గర, కొంత ఏకంగా సముద్రం అడుగున ఊటలుగా పైకి వస్తుంది. వెలెబిత్ పాదాన ఉన్న జలసంధిలో ఈదుతుంటే ఉన్నట్టుండి చల్లటి నీటి మడుగు తగలడానికి కారణం ఈ ఊటలే.

ఇంతవరకు రాయి కరగడం చూశాం. అదే రాయి తిరిగి గట్టిపడటం చూడాలంటే ప్లిత్విత్సేకు వెళ్లాలి. మెట్లు మెట్లుగా ఉన్న 16 సరస్సులు, వాటి మధ్య లెక్కలేనన్ని జలపాతాలు. ఒక్కో సరస్సును ఆపి ఉంచిన కట్ట మనుషులు కట్టినది కాదు, నీరే కట్టుకున్నది. రాయిని కరిగించుకుని వచ్చిన నీరు అంచు దగ్గర చిందులు తొక్కినప్పుడు అందులోని కార్బన్ డయాక్సైడు గాలిలోకి పోతుంది. అది పోయాక కరిగిన సున్నాన్ని మోసే శక్తి నీటికి ఉండదు. కాల్షియం కార్బనేట్ విడిపోయి దగ్గర్లో ఏది ఉంటే దాన్ని అంటుకుంటుంది. బోరు నీళ్లు కాచే గిన్నెలో తెల్లటి పొర పేరుకునేదీ ఇందుకే. బొర్రా గుహల్లో పైకప్పు నుంచి రాతి ఊడలు దిగేదీ ఇందుకే. గుహలో చుక్క చుక్కగా జరిగే పని జలపాతంలో వేగంగా జరుగుతుంది, అంతే తేడా.

ఆ కట్టను దగ్గరగా చూడండి. పైన పచ్చగా నాచు మొక్కలు, వాటి కాండాల చుట్టూ జిగురులాంటి పూత. ఆ జిగురు సూక్ష్మజీవులది. నీటిలోంచి విడిపోయిన సున్నపు రేణువులు దానికి చిక్కుకుని స్ఫటికాలుగా ఎదుగుతాయి. మొక్క కింది భాగం రాతి తొడుగులో బిగుసుకుపోతే, పై భాగం వెలుతురు కోసం పైకి ఎదుగుతుంది. దాని వెనకే రాయీ ఎదుగుతుంది. అందుకే ఈ రాయిని విరిస్తే లోపల గొట్టాల్లాంటి ఖాళీలు కనిపిస్తాయి. అవి ఒకప్పటి కాండాలూ ఆకులూ ఉన్న చోట్లు. అనువైన చోట కట్ట ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు లేస్తుంది. కోజ్యాక్ సరస్సు ఒకప్పుడు రెండు సరస్సులు. సుమారు 400 ఏళ్ల కిందట దిగువ కట్ట ఎగువ కట్టను మించి ఎదగడంతో నీటి మట్టం లేచి పాత కట్టను ముంచేసింది. అది ఇప్పటికీ నీటి అడుగునే ఉంది.

ఈ పనికి నీరు ఎంతో శుభ్రంగా ఉండాలి. నీటిలో సేంద్రియ పదార్థం పెరిగితే స్ఫటికాలు ఏర్పడటం మందగిస్తుంది. కాలు పడితే లేత కట్ట విరుగుతుంది. ప్లిత్విత్సేలో ఈత ఎప్పుడో నిషేధించారు. క్ర్కా నది మీది స్క్రాదిన్‌స్కీ బుక్ జలపాతం దగ్గర 2021 నుంచి ఆపేశారు. ఆ నీటి రంగు చూశాక దిగాలనిపించడం సహజమే. కానీ వేలాది మంది దిగితే జలపాతమే ఎదగడం మానేస్తుంది. నిషేధం నూటికి నూరు పాళ్లు సరైనదే.

పటంలో చూస్తే ఆశ్చర్యం కలిగించే విషయం మరొకటి. ప్లిత్విత్సే సరస్సుల నీరు పక్కనే ఉన్న ఆడ్రియాటిక్ సముద్రానికి రాదు. కొరానా, కూపా, సావా నదుల మీదుగా డాన్యూబ్‌లో కలిసి నల్ల సముద్రం దాకా పోతుంది. క్ర్కా మాత్రం ఆడ్రియాటిక్‌ నదే. స్క్రాదిన్‌స్కీ బుక్ దగ్గర కూడా ఇలాంటి సున్నపు కట్టలే నదిని 17 మెట్లుగా, దాదాపు 46 మీటర్ల ఎత్తు నుంచి దింపుతాయి. ఆ ఎత్తునే వాడుకుని అక్కడ యారుగా జలవిద్యుత్ కేంద్రం కట్టారు. 1895 ఆగస్టు 28న అక్కడి ఏసీ విద్యుత్తుతో షిబెనిక్ పట్టణంలో వీధి దీపాలు వెలిగాయి. నయాగరా దగ్గరి పేరుపొందిన కేంద్రం మొదలై అప్పటికి రెండు రోజులే. ఏసీ విద్యుత్తుకు మారుపేరైన నికోలా టెస్లా పుట్టిన స్మిల్యాన్ ఊరు వెలెబిత్‌కు అవతలి వైపునే ఉంది.

దీవుల సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. సుమారు 20 వేల ఏళ్ల కిందట, మంచుయుగం ముదిరిన కాలంలో, సముద్ర మట్టం ఇప్పటికన్నా దాదాపు 120 మీటర్లు దిగువన ఉండేది. అప్పుడు కోర్నాటి దీవులు కొండల వరుసలు, వాటి మధ్య జలసంధులు లోయలు. మంచు కరిగి సముద్రం లేచాక శిఖరాలు మాత్రం మిగిలాయి. తీరానికి సమాంతరంగా దీవులు బారులు తీరడానికి కారణం ఇదే. భూగోళ శాస్త్రంలో ఇలాంటి తీరాలకు, ప్రపంచంలో ఎక్కడున్నా, ఈ తీరప్రాంతం పేరైన దల్మేషియానే వాడతారు. పక్కనే తెలాష్చిత్స అఖాతం దగ్గర మీర్ అనే ఉప్పునీటి సరస్సు ఉంది. పైకి సముద్రంతో ఎక్కడా కలిసినట్టు కనిపించదు, రాతి పగుళ్ల గుండా సముద్రపు నీరు వచ్చి పోతుంటుంది. ఎండకు ఆవిరయ్యే నీరు ఎక్కువ కాబట్టి అది సముద్రం కన్నా ఉప్పన.

వెలెబిత్‌కు ఎదురుగా ఉన్న పాగ్ దీవిలో కొండ చేసే పనిని గాలి ద్వారా చూస్తాం. చలికాలంలో వెలెబిత్ వెనకనున్న పీఠభూమిలో చల్లటి, బరువైన గాలి చేరి నిండుతుంది. ఆనకట్ట మీదుగా పొర్లిన నీరులా అది కనుమల గుండా ఇవతలికి దూకుతుంది. దీన్ని బురా అంటారు. విసురుగా వీచినప్పుడు గంటకు 200 కిలోమీటర్లు దాటిన సందర్భాలు నమోదయ్యాయి. చాలా కాలం పాటు బరువైన గాలి పల్లానికి జారడమే దీనికి కారణమనుకున్నారు. 1982లో పరిశోధన విమానాలు బురాలోకి ఎగిరి కొలతలు తీశాక, కొండ దాటేటప్పుడు గాలి పొర పలచబడి వేగం పుంజుకుంటుందనీ, దిగువన మళ్లీ ఉప్పొంగి సుడులు తిరుగుతుందనీ స్పష్టమైంది. ఆ సుడుల్లో ఏర్పడే మేఘాన్ని 1888లోనే బకార్ అనే రేవు పట్టణంలో గమనించి నమోదు చేసినవాడు ఆండ్రియా మోహొరోవిచిచ్. భూమి పైపొరకు అడుగు ఎక్కడుందో భూకంప తరంగాలతో కనిపెట్టింది కూడా ఆయనే.

బురా సముద్రపు తుంపరను ఎత్తి పాగ్ తూర్పు అంచు మీద కొడుతుంది. అక్కడ నేల ఒట్టి తెల్లటి రాయి. కాస్త లోపలికి వస్తే ఉప్పు అంటిన పొట్టి సుగంధ మొక్కలు, వాటిని మేసే గొర్రెలు, వాటిని ఆపే సున్నం వాడకుండా పేర్చిన రాతి గోడలు. ఆ గొర్రెల పాలతో చేసే గట్టి జున్ను ఈ దీవికి పేరు తెచ్చింది. ముక్క నోట్లో వేసుకుంటే ఉప్పు కారాల మధ్య ఆ మేత వాసన తెలుస్తుంది.

వెళ్లే వాళ్లు రోజు ఎంచుకునే ముందు గాలి సూచన చూసుకోవాలి. బురా గట్టిగా వీస్తే మాస్లెనిత్స వంతెన మీద రాకపోకలు ఆపేస్తారు, దీవులకు పడవలు కదలవు. అలాంటి రోజున దక్షిణంగా క్ర్కా వైపు వెళ్లడం మేలు. ఒక్క రోజే ఉంటే మాత్రం నేను పక్లెనిత్సనే ఎంచుకోమంటాను. పొద్దున ఎండిన వాగు వెంట ఎక్కి, మధ్యాహ్నం దిగి వచ్చి, కింద ఊళ్లోని ఒడ్డున ఈతకు దిగితే, పైన కనిపించని నీరు చల్లగా తగులుతుంది.