అచ్చు నీళ్లు తాగాలి: ప్లాస్టర్ అచ్చులపై అపోహలు – వాస్తవాలు

విజయనగరంలో మా వసారాకి పింగాణీ పని నేర్చుకోవడానికి వచ్చేవాళ్లలో చాలామందికి పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) అనగానే వినాయకుడి బొమ్మో, హాలు సీలింగో గుర్తొస్తుంది. అక్కడ ప్లాస్టరే తయారైన వస్తువు. మా దగ్గర దాని పని వేరు. పల్చగా కలిపిన మట్టిని అచ్చులో పోస్తే, అచ్చు అందులోని నీటిని పీల్చుకుని తన గోడలకి మట్టి పొర పట్టిస్తుంది. ఈ సంగతి మనసుకి ఎక్కకపోతే చేసే ప్రతి అచ్చూ ఏదో ఒకచోట మొరాయిస్తుంది.

అపోహ: అచ్చు ఎంత గట్టిగా ఉంటే అంత మంచిది.

వాస్తవం: 100 గ్రాముల ప్లాస్టర్ గట్టిపడడానికి నిజంగా కావలసిన నీళ్లు సుమారు 19 గ్రాములే. మనం పోసేది 70. మిగిలిన నీళ్లు ఆరిపోతూ, తామున్న చోట కంటికి కనపడని ఖాళీలు వదిలిపోతాయి. రేపు మట్టిలోని తడిని తాగేవి ఆ ఖాళీలే. నీళ్లు తగ్గిస్తే అచ్చు రాయిలా వస్తుంది, తాగదు. పెంచితే బాగా తాగుతుంది గానీ అంచులు తొందరగా అరిగిపోతాయి. అందుకే చేతి అంచనా వద్దంటాను. లీటరు నీటికి సుమారు 1,430 గ్రాములు, తూకం వేసే కలపండి.

అపోహ: సిమెంటులాగే పొడిలో నీళ్లు పోసి కలిపేయొచ్చు.

వాస్తవం: నీళ్లలోకే పొడిని జల్లాలి. రెండు మూడు నిమిషాలు కదపకుండా నాననిచ్చి, బుడగలు రాకుండా అడుగు నుంచి నెమ్మదిగా కలపాలి. మీగడలా చిక్కబడగానే పోసేయాలి. బకెట్‌లో పాత ప్లాస్టర్ ముక్కలున్నా, సముద్రం వైపు ఊళ్లలోలా బోరు నీళ్లు ఉప్పగా ఉన్నా, అనుకున్నదానికంటే ముందే బిగుసుకుపోతుంది.

అపోహ: గట్టిపడిందంటే ఆరినట్టే.

వాస్తవం: గట్టిపడడం అరగంట పని, ఆరడం రోజుల పని. ఆషాఢం నుంచి పైడితల్లమ్మ పండగ దాకా మా వైపు గాలిలో తేమ తగ్గదు. అప్పుడు వారం దాటినా ఆశ్చర్యం లేదు. అచ్చుని బుగ్గకి ఆనించి చూడండి, చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే. తొందరపడి వేడి పెట్టకండి. జిప్సమ్ రాయిని వేడిచేసి అందులోని నీటిని పోగొడితేనే ఈ పొడి తయారైంది. 50 డిగ్రీలు దాటిన వేడిలో ఎక్కువసేపు ఉంచితే అచ్చు మళ్లీ ఆ దారే పడుతుంది. మొదటి వానాకాలం నేను కప్పుల అచ్చులు బట్టీ పైన ఆరబెట్టాను. మర్నాటికి అంచులు వేలికి పిండిలా రాలాయి. పారేయడానికి మనసొప్పక వాటితోనే పోత పోశాను, అది ఇంకా పెద్ద తప్పు. రాలిన ముక్కలు మట్టిలో కలిసి, కాల్చిన కొన్నాళ్లకి తేమ తగిలి ఉబ్బి, కప్పుల మీద పెచ్చులు లేచిపోయాయి.

అపోహ: అచ్చుకి నూనె రాస్తే మట్టి అంటుకోదు.

వాస్తవం: మట్టి పోసే ముఖానికి ఏమీ రాయకూడదు. నూనె ఆ ఖాళీలను మూసేస్తుంది. పొర ఆరేకొద్దీ కుంచించుకుని తనే వదులుతుంది. రెండు ముక్కల అచ్చు చేసేటప్పుడు ప్లాస్టర్ మీద ప్లాస్టర్ పోస్తాం, మెత్తని సబ్బు పూత అక్కడ కావాలి.

అపోహ: మట్టిలో ఇంకాస్త నీళ్లు పోస్తే పోతకి పల్చన అవుతుంది.

వాస్తవం: అలా చేస్తే అచ్చు తొందరగా తడిసిపోతుంది, వస్తువు విపరీతంగా కుంచించుకుని పగులుతుంది. పొడి మట్టి బరువులో అర శాతం లోపు సోడియం సిలికేట్ కలిపితే తక్కువ నీటితోనే జారుగా పారుతుంది.

అపోహ: ప్లాస్టర్ వల్ల ప్రమాదమేమీ లేదు, పిల్లల చేతి అచ్చు కూడా నేరుగా తీయొచ్చు.

వాస్తవం: దయచేసి ఈ పని ఎప్పుడూ చేయకండి. గట్టిపడేటప్పుడు ముద్దగా ఉన్న ప్లాస్టర్ 60 డిగ్రీల దాకా వేడెక్కగలదు, అప్పటికే చెయ్యి బయటికి రాకుండా బిగుసుకుపోతుంది. 2007లో ఇంగ్లండ్‌లో ఒక స్కూలు అమ్మాయి ఇలాగే చాలా వేళ్లు పోగొట్టుకుంది. చంటిపిల్లల చేతి ముద్ర కావాలని అడిగేవాళ్లకి నేను ముందు ఆల్జినేట్‌లో (పళ్ల డాక్టర్లు పళ్ల ముద్ర తీయడానికి వాడే మెత్తని పదార్థం) ముద్ర తీస్తాను. పాప చెయ్యి బయటికి తీసి, తుడిచి, అమ్మ ఒళ్లోకి ఇచ్చాకే ప్లాస్టర్ కలుపుతాను.