బీపీ మాత్రలో పాము విషం ఉందా?

చిరంజీవులు పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో మీలో ఒకరు అడిగారు, "తాతయ్యా, నువ్వు రోజూ వేసుకునే మాత్ర పాము విషంతో చేస్తారట కదా?" అని. వెనకాల మిగతావాళ్ళ నవ్వులు కూడా వినపడ్డాయి. ఫోన్లో చెబితే సగం వింటారు, సగం వదిలేస్తారు. అందుకే ఉత్తరం. ముందు జవాబు చెప్పేస్తాను. నా మాత్రలో విషం చుక్క కూడా లేదు. అది ఫ్యాక్టరీలో తయారైన రసాయనం. కాకపోతే అలాంటి రసాయనం ఒకటి చెయ్యొచ్చన్న ఆలోచన పాము దగ్గరే మొదలైంది.

నా మందు పేరు ఎనలాప్రిల్. రామిప్రిల్, లిసినోప్రిల్, పెరిండోప్రిల్ అని ఇంకొన్ని ఉన్నాయి. చివర "ప్రిల్" ఉన్న ఈ మందులన్నీ ఒకే కుటుంబం. డాక్టర్లు వీటిని ఏసీఈ ఇన్హిబిటర్లు అంటారు. ఏసీఈ అన్నది మన ఒంట్లోనే ఉండే ఒక ఎంజైమ్, అంటే రసాయన మార్పులు చేసిపెట్టే ప్రోటీన్. దాని చెయ్యి పట్టుకుని ఆపేవే ఈ మందులు.

బీపీ అనగానే మనవాళ్ళకు కోపం, టెన్షన్ గుర్తొస్తాయి. "ఆయన్ని కదిలించకండి, బీపీ లేస్తుంది" అంటారు. అసలు తతంగం చాలావరకు కిడ్నీల్లో నడుస్తుంది. రక్తం తగినంత ఒత్తిడితో వస్తోందా లేదా అని కిడ్నీలు ఎప్పుడూ కనిపెట్టుకుని ఉంటాయి. ఒత్తిడి తగ్గిందనుకోండి, వెంటనే రెనిన్ అనే పదార్థాన్ని రక్తంలోకి వదులుతాయి. దీన్ని 1898లో స్టాక్‌హోమ్‌లో టైగర్‌స్టెట్, బెర్గ్‌మన్ అనే ఇద్దరు కుందేలు కిడ్నీ నుంచి తీసి చూపించారు. ఆ రసాన్ని మరో కుందేలుకు ఎక్కిస్తే దాని రక్తపోటు పెరిగింది. అప్పట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

రెనిన్ ఏం చేస్తుందంటే, లివర్ తయారుచేసి రక్తంలోకి పంపిన ఒక పెద్ద ప్రోటీన్ నుంచి చిన్న ముక్క కత్తిరిస్తుంది. అందులో పది అమైనో ఆమ్లాలు, అంటే ప్రోటీన్‌ను కట్టే ఇటుకలు ఉంటాయి. దాని పేరు యాంజియోటెన్సిన్ 1. దీనికి సొంతంగా పెద్ద బలం లేదు. రక్తం ఊపిరితిత్తుల్లోంచి వెళ్ళేటప్పుడు అక్కడి రక్తనాళాల లోపలి గోడ మీద ఉన్న ఏసీఈ, దాని చివర రెండు అమైనో ఆమ్లాలు తుంచేస్తుంది. మిగిలిన ఎనిమిదింటి ముక్క యాంజియోటెన్సిన్ 2. ఇది మాత్రం గట్టిది. రక్తనాళాలను బిగిస్తుంది. కిడ్నీల పైనుండే అడ్రినల్ గ్రంథి చేత ఆల్డోస్టిరాన్ అనే హార్మోన్ విడుదల చేయిస్తుంది. ఆ హార్మోన్ ఉప్పునూ నీళ్ళనూ ఒంట్లోంచి బయటికి పోనివ్వదు. నాళాలు ఇరుకై, నీరు నిలిస్తే ఒత్తిడి పెరగక ఏమవుతుంది? మొక్కలకు నీళ్ళు పట్టే పైపు మూతిని బొటనవేలితో నొక్కి, కుళాయి ఇంకొంచెం తిప్పినట్టన్నమాట.

ఇదంతా మనల్ని చంపడానికి కాదర్రా, బతికించడానికే. దెబ్బ తగిలి రక్తం కారిపోయినా, వాంతులూ విరేచనాలూ అయి ఒంట్లో నీళ్ళు తగ్గినా, ఎండలో చెమటలు కారి సొమ్మసిల్లే పరిస్థితి వచ్చినా ఈ ఏర్పాటే మెదడుకు రక్తం అందేలా చూస్తుంది. చిక్కల్లా అది అవసరం లేనప్పుడు కూడా పనిచేస్తూ ఉండటమే.

గుండె జబ్బులో ఇది ఇంకా విడ్డూరంగా ఉంటుంది. గుండెపోటు వచ్చి కొంత కండరం చచ్చుబడింది అనుకుందాం. గుండె మునుపటంత బలంగా రక్తాన్ని తొయ్యలేదు. కిడ్నీలకు రక్తం తక్కువ చేరుతుంది. గుండె నీరసించిందని వాటికెలా తెలుస్తుంది? ఎక్కడో రక్తం కారిపోతోందనుకుని రెనిన్ వదులుతాయి. నాళాలు బిగుస్తాయి, నీరు నిలుస్తుంది. అసలే అలసిన గుండె ఇప్పుడు ఇరుకు నాళాల్లోకి ఎక్కువ రక్తాన్ని నెట్టాలి. ఇంకా అలుస్తుంది. కిడ్నీలు ఇంకా రెనిన్ వదులుతాయి. ఈలోగా మనిషికి పాదాలు వాచి చెప్పులు పట్టవు, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక అర్ధరాత్రి లేచి కూర్చుంటాడు. యాంజియోటెన్సిన్ 2 గుండె కండరాన్ని కూడా నెమ్మదిగా మందంగా, బిరుసుగా మార్చేస్తుంది. ఈ చక్రాన్ని ఎక్కడో ఒకచోట తెంచాలి. ఏసీఈ దగ్గర తెంచడం మన మాత్ర పని.

ఇక పాము కథ. బ్రెజిల్‌లో జరరాకా అనే విషసర్పం ఉంది. మన రక్తపింజరకు దూరపు చుట్టం. 1949లో సావో పాలోలో రోషా ఇ సిల్వా, బెరాల్డో, రోజెన్‌ఫెల్డ్ అనే శాస్త్రవేత్తలు దాని విషాన్ని పరీక్షిస్తూ, ఆ విషం రక్తంలో కలిస్తే బ్రాడీకైనిన్ అనే పదార్థం పుడుతుందని కనుక్కున్నారు. నాళాలను వదులుచేసి రక్తపోటును పడగొట్టేది అదే. తర్వాత సెర్జియో ఫెరేరా అనే యువకుడు ఆ విషంలోనే బ్రాడీకైనిన్ బలాన్ని పెంచే ఇంకో పదార్థం ఉందని 1965లో చూపించాడు. దాన్ని వెంటబెట్టుకుని లండన్‌లో జాన్ వేన్ ప్రయోగశాలకు వెళ్ళాడు. అక్కడ బాఖ్లే అనే సహోద్యోగి పరీక్షిస్తే తేలిందేమిటంటే, అది ఏసీఈని ఆపేస్తోంది! ఎందుకంటే బ్రాడీకైనిన్‌ను ముక్కలు చేసేది కూడా ఏసీఈయే. ఒకే ఎంజైమ్ ఒక చేత్తో నాళాలు బిగించేదాన్ని తయారుచేస్తోంది, రెండో చేత్తో వదులుచేసేదాన్ని నాశనం చేస్తోంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, దగ్గు గురించి చెప్పేటప్పుడు పనికొస్తుంది.

విషంలోంచి తీసిన ఆ పదార్థాన్ని నేరుగా మందుగా వాడలేకపోయారు. అది చిన్న ప్రోటీన్ ముక్క, మింగితే పొట్టలో పప్పులాగే అరిగిపోతుంది. ఇంజెక్షన్‌గా మాత్రమే పనికొచ్చింది. జీవితాంతం రోజూ సూది ఎవరు పొడిపించుకుంటారు? అమెరికాలో స్క్విబ్ కంపెనీలో పనిచేసే కుష్‌మన్, ఒండెట్టి అనే ఇద్దరు వేరే దారి పట్టారు. ఏసీఈ మధ్యలో ఒక జింక్ పరమాణువు ఉంటుందని, కత్తిరించే పని దాని దగ్గరే జరుగుతుందని వాళ్ళకు తెలుసు. ఆ చోట సరిగ్గా ఇమిడి, జింక్‌ను గట్టిగా పట్టుకునే చిన్న అణువును కాగితం మీద గీసి, తర్వాత తయారుచేశారు. జింక్‌ను పట్టుకోవడానికి గంధకం పెట్టారు. అలా 1975లో వచ్చినదే కాప్టోప్రిల్. 1981లో అమెరికాలో అనుమతి దొరికింది. ఆ మాత్రను ముక్కు దగ్గర పెట్టుకుంటే కుళ్ళిన గుడ్డు వాసన లీలగా వస్తుంది, అది ఆ గంధకం వాసనే. కెమిస్ట్రీ చెప్పిన వాణ్ణి కాబట్టి నాకు ఆ వాసన ముద్దుగానే ఉంటుంది, మీ నాయనమ్మకు మాత్రం నచ్చదు. నా ఎనలాప్రిల్ ఆ తర్వాత వచ్చింది. అందులో గంధకం లేదు, వాసనా లేదు.

మందు బీపీ తగ్గించడం ఒక ఎత్తు, మనిషిని బతికించడం ఇంకో ఎత్తు. 1987లో ఫలితాలు వచ్చిన ఒక పరీక్షలో స్వీడన్, నార్వే, ఫిన్లాండ్‌లలో గుండె బాగా నీరసించిన 253 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు ఎనలాప్రిల్, ఇంకో జట్టుకు మందు లేని ఉత్తుత్తి మాత్ర. ఆరు నెలల్లో ఉత్తుత్తి మాత్ర జట్టులో నూటికి 44 మంది పోయారు. మందు జట్టులో 26 మంది. ఇప్పటికీ భయంకరమైన అంకెలే, కానీ ఆ తేడా చూడండి. 2000లో రామిప్రిల్ మీద ఇంకా పెద్ద పరీక్ష ఫలితాలు వచ్చాయి. గుండెజబ్బు ముప్పు ఎక్కువున్న తొమ్మిది వేల పైచిలుకు మందిలో గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలు కలిపి ఐదోవంతుకు పైగా తగ్గాయి. దాన్ని నడిపించిన సలీం యూసుఫ్ కేరళలో పుట్టి, బెంగళూరు సెయింట్ జాన్స్ కాలేజీలో డాక్టరీ చదివినవారు.

ఇప్పుడు దగ్గు. ఈ మాత్రలు వేసుకునేవాళ్ళలో కొందరికి పొడి దగ్గు పట్టుకుంటుంది. కఫం ఉండదు, జ్వరం ఉండదు, గొంతులో ఏదో గీరుతున్నట్టు ఉంటుంది, రాత్రి పడుకోనివ్వదు. ఏసీఈ ఆగిపోయింది కదా, బ్రాడీకైనిన్‌ను విరిచేవాడు లేక అది ఊపిరితిత్తుల్లో పేరుకుంటుంది. దగ్గుకు అదే ముఖ్య కారణమంటారు. మన ఇళ్ళలో ఏం చేస్తాం? మిరియాల కషాయం, తర్వాత సిరప్, తర్వాత ఎక్స్‌రే. బీపీ మాత్ర మీద ఎవరికీ అనుమానం రాదు. ఇంట్లో పెద్దవాళ్ళకు అలాంటి దగ్గు వారాల తరబడి వదలకపోతే, మాత్రల షీటు తిప్పి చూడండి. వెనక "ప్రిల్" అని ఉంటే డాక్టరుకు చెప్పండి. మాత్ర మీరే ఆపించకండి, డాక్టరు మారుస్తారు. ఎప్పుడైనా పెదాలు, నాలుక, ముఖం ఉబ్బితే మాత్రం ఆలోచించకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. అది అరుదు, కానీ ఊపిరి ఆపేయగలదు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. గర్భిణులు ఈ మందు వాడకూడదు, కడుపులో బిడ్డ కిడ్నీలు దెబ్బతింటాయి. ఈ మందుతో ఒంట్లో పొటాషియం పెరగొచ్చు, అందుకే అప్పుడప్పుడు రక్తపరీక్ష చేయిస్తారు. కిడ్నీలు బలహీనంగా ఉన్నవాళ్ళు రోజూ కొబ్బరి బోండాలు తాగడం, షాపుల్లో అమ్మే తక్కువ సోడియం ఉప్పు వాడటం డాక్టరును అడిగే చెయ్యాలి. ఆ ఉప్పులో సోడియం బదులు పొటాషియమే ఉంటుంది. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజున మాత్ర వేసుకోవాలా వద్దా అని కూడా అడగాలి. మోకాళ్ళ నొప్పికని మందుల షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్రలు దీంతో కలిస్తే కిడ్నీలకు మంచిది కాదు.

మీ నాన్న వేసుకునేది టెల్మిసార్టాన్ అనుకుంటాను. "సార్టాన్"లు పక్కింటి కుటుంబం. అవి ఏసీఈ జోలికి పోవు. యాంజియోటెన్సిన్ 2 వచ్చి అతుక్కునే చోటును మూసేస్తాయి. అందుకే వాటితో దగ్గు తక్కువ. రామిప్రిల్‌కూ టెల్మిసార్టాన్‌కూ పోటీ పెట్టి 2008లో చూస్తే రెండూ సరిసమానంగా నిలిచాయి. రెండూ కలిపి ఇస్తే ఇంకా బాగుంటుందేమో అని కూడా చూశారు. లాభం పెరగలేదు, కిడ్నీలకు నష్టం పెరిగింది. పెద్దవాళ్ళు బీపీకొక డాక్టరు, షుగరుకొక డాక్టరు దగ్గరికి వెళ్తుంటారు కదా. ఒకే మనిషి డబ్బాలో "ప్రిల్" షీటు ఒకటి, "సార్టాన్" షీటు ఒకటి కనిపిస్తే, రెండూ తీసుకెళ్ళి ఎవరో ఒక డాక్టరు ముందు పెట్టి అడగండి.

ఉంటాను,
మీ తాతయ్య