కొలతలు చెప్పకుండా చొక్కా కుట్టమంటే

పిల్లలూ,

"చాట్‌బాట్ డాక్టరు పరీక్షలు కూడా పాసవుతుందట కదా, ఇంక అమ్మమ్మని ఆసుపత్రికి తీసుకెళ్ళడం దేనికి?" అని మీలో ఒకరు అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ళు బ్రిటన్‌లో 1,298 మందితో ఈ సంగతి తేల్చి చూశారు. డాక్టర్లు పది రోగుల కథలు రాసిచ్చారు. కథ మొత్తం నేరుగా ఇస్తే చాట్‌బాట్లు నూటికి దాదాపు 95 సార్లు తగిన జబ్బు పేరు చెప్పాయి. అదే కథ మామూలు మనుషులకిచ్చి, చాట్‌బాట్‌ని అడిగి మీరే తేల్చండి అంటే 35 కూడా దాటలేదు.

మధ్యలో జారిపోయినవి కొలతలు, అంటే మనుషులు దానికి చెప్పకుండా వదిలేసిన వివరాలు. వీధి చివరి దర్జీకి ఫోన్ చేసి "నాకు పదేళ్ళు, చొక్కా కుట్టు" అనండి. "ముందు ఇలా రా" అంటాడు. మెడలోని టేపు తీసి భుజం, ఛాతీ, చేతి పొడుగు తనే పట్టుకుంటాడు. డాక్టరూ అంతే, మీరు చెప్పనిది పొట్ట నొక్కి తెలుసుకుంటారు. చాట్‌బాట్ దగ్గర టేపు లేదు. చెప్పిన రెండు కొలతలతోనే కాలరూ గుండీలూ సహా కుట్టేస్తుంది, ఇస్త్రీ చేసి మరీ ఇస్తుంది. ఆ ఇస్త్రీకే మనం మోసపోతాం. ఆ పరిశీలనలోనే ఇద్దరు, మెదడు చుట్టూ రక్తస్రావమైన రోగి బాధను చాట్‌బాట్‌కి దాదాపు ఒకేలా చెప్పారు. ఒకరిని వెంటనే ఆసుపత్రికి వెళ్ళమంది, ఇంకొకరిని చీకటి గదిలో పడుకోమంది. ఒకే కొలతలకు రెండు చొక్కాలు! ఏ దర్జీ అయినా సిగ్గుపడేవాడు.

అమ్మమ్మ విషయానికొద్దాం. "సుగర్ 180 వచ్చింది, పర్లేదా?" అన్నది సగం ప్రశ్న. పరగడుపున 180 అయితే ఎక్కువే. భోజనమైన రెండు గంటలకైతే, సుగర్ ఉన్న చాలామందికి అది హద్దు మీద ఉన్నట్టు. ఆవిడ పక్కన కూర్చుని కాగితం మీద రాయండి: వయసు, సుగర్ ఎన్నేళ్ళ నుంచి, తిన్న ఎంతసేపటికి చూశారు, ఏ మాత్ర, ఎన్ని మిల్లీగ్రాములు, ఈ రోజు వేసుకున్నారా, కిడ్నీ జబ్బేమైనా ఉందా. "తెల్ల మాత్ర" అని రాయొద్దు, అట్ట తిప్పి పేరు చదవండి.

ఇప్పుడు ముందు సగం ప్రశ్న, తర్వాత వేరే చాట్‌లో నిండు ప్రశ్న అడిగి, రెండు జవాబుల్లో ఏం మారిందో గీత గీసి చూడండి. మందు మాత్రం దాని మాట మీద మార్చొద్దు, ఆ కాగితం డాక్టరుకే చూపించండి. ఛాతీ నొప్పి, మూతి వంకర పోవడం, ఊపిరాడకపోవడం లాంటివైతే టైపు చేస్తూ కూర్చోకండి, 108కి ఫోన్ చేయండి.

రిపోర్టు ఫోటో పెట్టాల్సొస్తే, పైనున్న పేరూ ఫోన్ నంబరూ కాగితం ముక్కతో కప్పి తీయండి.

మీ
తాతయ్య