పాత చర్చిలో పైప్ ఆర్గన్: తుక్కుకు వేసేముందు

పైప్ ఆర్గన్లు బాగుచేయడం నా వృత్తి. మీట నొక్కితే తిత్తుల గాలి గొట్టాల్లోకి వెళ్లి మోగే వాద్యం అది. చర్చి కట్టడం పాతబడ్డాక కమిటీవాళ్లు నన్ను పిలుస్తారు. నేను మెట్లెక్కి పైకి చేరేలోపే తీర్పు కూడా వాళ్లే చెప్పేస్తారు.

అపోహ: నూరేళ్లు దాటింది, ఇక పనికిరాదు.

వాస్తవం: స్విట్జర్లాండ్‌లోని సియోన్‌లో, వలేర్ బసిలికాలో 15వ శతాబ్దపు ఆర్గన్ ఇప్పటికీ మోగుతోంది. తగరం, సీసం కలిపి చేసిన గొట్టాలు, చెక్క గొట్టాలు తరాలపాటు నిలుస్తాయి. ముందు పోయేది తోలు. తిత్తుల మడతల్లో అది కొన్ని దశాబ్దాలకే ఎండి చిట్లుతుంది. ఒకచోట వేలు పెడితే చాలు, ఇటుకపొడిలా రాలింది. తోలు మార్చడం ఖర్చుతో కూడిన పనే, ఒప్పుకుంటాను. అయినా చెప్పు అరిగిందని కాలు తీసేయం కదా!

అపోహ: మీట వదిలినా స్వరం ఆగట్లేదంటే లోపలంతా పాడైనట్టే.

వాస్తవం: చాలాసార్లు గాలిపెట్టెలో, అంటే గొట్టాల కింద గాలి నిలిచే పెట్టెలో, ఒక్క మూత సరిగ్గా పడకపోవడమే కారణం. ఒకసారి విప్పి చూస్తే మూత అంచున ఆవగింజంత సున్నపు పెళ్ల. బ్రష్‌తో దులపగానే స్వరం ఆగింది. అందరూ హమ్మయ్య అనుకున్నారు. నేను మాత్రం తలెత్తి కప్పు వైపు చూశాను. చెమ్మ మరకలు.

అపోహ: ముందు ఆర్గన్ చేయించి, కప్పు సంగతి తర్వాత చూద్దాం.

వాస్తవం: కమిటీలతో నా గొడవంతా ఇక్కడే. నీళ్లు కారితే చెక్క ఉబ్బుతుంది, జిగురు ఊడుతుంది, కొత్తగా వేసిన తోలు కూడా పాడవుతుంది. ప్రార్థన రోజున హీటర్లు ఒక్కసారిగా పెంచేసినా చేటే. గాలిపెట్టె ఎండి బీటలిస్తుంది, గాలి పక్క గాడిలోకి జారి, ఎవరూ నొక్కని స్వరం సన్నగా మూలుగుతుంది. తేమ 50 శాతం అటూఇటూగా నిలకడగా ఉండాలి. ఓక్ చెక్క నుంచి వచ్చే ఎసిటిక్ ఆమ్లపు ఆవిరి సీసం గొట్టాల పాదాలను తెల్లటి పొడిగా తినేస్తుంది. జర్మనీలోని లూబెక్‌లో సెయింట్ యాకోబి చర్చి ఆర్గన్‌కు పట్టిన జబ్బు ఇదే.

అపోహ: ఎండాకాలం శ్రుతి మారింది, ట్యూనింగ్ పోయింది.

వాస్తవం: గాలి ఒక డిగ్రీ వేడెక్కితే శ్రుతి సుమారు 3 సెంట్లు (పక్కపక్క స్వరాల మధ్య అర్ధస్వర దూరంలో నూరో వంతు ఒక సెంటు) పెరుగుతుంది. రీడ్ గొట్టాల్లో (లోపలి లోహపు నాలుక కంపించి మోగేవి) మాత్రం శ్రుతి అంతగా కదలదు, అందుకే రెండూ కలవవు. చల్లబడేదాకా ఆగండి.

అపోహ: కట్టడం పోతే ఆర్గనూ పోయినట్టే.

వాస్తవం: హాంబర్గ్ సెయింట్ యాకోబి చర్చిలో ఆర్గన్ల తయారీదారు ఆర్ప్ ష్నిట్గర్ 1693లో పూర్తిచేసిన ఆర్గన్ ముందు వరుస తగరపు గొట్టాలను 1917లో యుద్ధానికని కరిగించేశారు. తర్వాతి యుద్ధంలో మాత్రం గొట్టాలను ముందే విప్పి దాచారు. 1944 బాంబుదాడిలో చర్చి కాలినా అవి మిగిలాయి. ఆ ఆర్గన్ 1993లో మళ్లీ పలికింది. అలాగని ఎవరు పడితే వాళ్లు విప్పకూడదు. ఒక చర్చివాళ్లు ఉత్సాహంకొద్దీ గొట్టాలను వంటచెరకులా పేర్చారు. అడుగువరుసవన్నీ సొట్టలు, ఏది ఎక్కడిదో గుర్తు లేదు. నంబరు వేయకుండా, ఫొటో తీయకుండా ఒక్కటీ కదపకండి. కొత్త హాలుకు తరలిస్తే ప్రతి గొట్టం నోరూ ఆ గదికి తగ్గట్టు సరిచేయాలి.

అపోహ: డబ్బు లేకపోతే అమ్మేయడమే దారి.

వాస్తవం: ఎలక్ట్రానిక్ ఆర్గన్ కొనుక్కోండి, తప్పేం లేదు. పాతదాన్ని ఉన్నచోటే వదిలేయండి. గాలి ఊదే బ్లోయర్ ఆపి, తాళం వేసి, దుమ్ము పడకుండా గుడ్డ కప్పితే ఏళ్లతరబడి ఆగుతుంది. ప్లాస్టిక్ పట్టా మాత్రం చుట్టకండి, లోపల చెమ్మ చేరి తోలుకు బూజు పడుతుంది.